హైస్కూలు పిల్లలను అడవికి తీసుకెళ్లాలంటే మొదట ఏం నేర్పాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు ఇరవై నాలుగు మంది ఉన్నారు. వాళ్లను మూడు రోజుల అడవి క్యాంపుకు తీసుకెళ్లాలని మీ స్కూలు అనుకుంటోంది. కర్రలు రాపాడించి నిప్పు పుట్టించడం, కొమ్మలతో గూడు కట్టుకోవడం, తినదగిన మొక్కల్ని గుర్తుపట్టడం, వీటిలో దేనితో మొదలుపెట్టాలి అని మీ ప్రశ్న. మీకు ట్రెక్కింగ్ అలవాటుంది కానీ పిల్లలతో ఎప్పుడూ వెళ్లలేదన్నారు. తల్లిదండ్రులకు ఏం చెప్పాలో కూడా అడిగారు.

పందొమ్మిదేళ్లుగా ఈ వయసు పిల్లలతో బయట తిరుగుతున్నాను కాబట్టి సూటిగా చెప్తాను. ఆ మూడింటిలో దేనితోనూ మొదలుపెట్టకండి. మూడు రోజుల క్యాంపు కూడా ఇప్పుడే వద్దు. ముందు ఒకే చోటికి నాలుగైదు సార్లు, పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేలా నడిపించండి. ఆ నడకల్లో పాదాల్ని చూసుకోవడం, మ్యాపు చదవడం, ఒంటి వేడినీ నీటినీ కాపాడుకోవడం, గుంపుగా నడవడం, వెనక్కి తిరగాల్సిన సమయాన్ని గుర్తించడం నేర్పండి. తర్వాత ఒక రాత్రి. మూడు రోజులు ఆ తర్వాతి మాట.

ఎందుకంటారా? పిల్లలతో బయట నేను చూసిన ఇబ్బందుల్లో నిప్పు పుట్టించడం రాకపోవడం వల్ల వచ్చింది ఒక్కటీ లేదు. మడమ మీద బొబ్బ, తడిసిన బట్టలు, ఖాళీ అయిన నీళ్ల సీసా, వెనకబడ్డ ఒక్కడు, అనుకున్న దానికంటే రెండు గంటలు ముందే కమ్ముకున్న చీకటి, ఇవే పదే పదే ఎదురయ్యాయి. అడవి మొక్కల సంగతైతే అస్సలు వద్దంటాను. తినదగిన మొక్కకూ విషపు మొక్కకూ తేడా కొన్నిసార్లు కాడ మీది మచ్చలంత చిన్నది. పైగా ఒక రోజు తిండి లేకపోతే ఆరోగ్యంగా ఉన్న పిల్లాడికి ఏమీ కాదు. సగం తెలిసిన మొక్క తింటే అవుతుంది. చూడనివ్వండి, బొమ్మలు గీయనివ్వండి, పేర్లు నేర్పండి. నోట్లో పెట్టడం మాత్రం ఉండకూడదు.

ఒకే చోటికి మళ్లీ మళ్లీ ఎందుకంటే, మొదటిసారి వెళ్లిన పిల్లలకు కొత్తదనమే సరిపోతుంది, నేర్చుకోవడానికి ఖాళీ ఉండదు. రెండోసారికి దారి గుర్తుపడతారు. మూడోసారికి ‘పోయినసారి ఈ వాగులో నీళ్లు ఇంత లేవు’ అంటారు. ఆ మాట వాళ్లంతట వాళ్లు అన్న రోజు మీ పని మొదలైనట్టు. బ్రిటన్‌లో 1956లో యువత కోసం మొదలైన డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డులో కూడా ఇలాగే మెట్లు పెట్టారు. పద్నాలుగేళ్ల దగ్గర మొదలయ్యే కాంస్య స్థాయిలో రెండు పగళ్లూ ఒక రాత్రి, రజతంలో మూడు పగళ్లూ రెండు రాత్రులు, స్వర్ణంలో నాలుగు పగళ్లూ మూడు రాత్రులు. అసలు ప్రయాణానికి ముందు సాధన ప్రయాణం తప్పనిసరి. జట్టుకు నలుగురి నుంచి ఏడుగురు. మీరు ఆ అవార్డు పెట్టాల్సిన పని లేదు, ఆ మెట్లు మాత్రం తీసుకోండి.

పాదాల నుంచి మొదలుపెట్టండి. మొదటి నడకలో సరిగ్గా ఇరవై నిమిషాలకు అందర్నీ ఆపండి. ‘చెప్పులోనో బూటులోనో ఎక్కడైనా చురచురలాడుతోందా?’ అని అడగండి. ఎవరూ చెయ్యెత్తరు. ఈ వయసులో పక్కవాడి ముందు ఒప్పుకోవడానికి సిగ్గు. అందుకే నేను అడగడం మానేసి, అందరితోనూ బూట్లు విప్పిస్తాను. నేనూ విప్పుతాను. ఒకసారి ఒక అబ్బాయి సాక్సు తీస్తే మడమ వెనక రూపాయి బిళ్లంత మేర ఎర్రగా కమిలి ఉంది, ఇంకా బొబ్బ లేవలేదు. సాక్సు లోపలివైపు చిన్న మడత. ఆ మడతే అడుగు వేసిన ప్రతిసారీ అక్కడ రాస్తోంది. పాదం తుడిచి, ఆరనిచ్చి, ప్లాస్టరు టేపు ముడత లేకుండా అంటించి, సాక్సు సరిచేసి తొడిగాం. ఐదు నిమిషాల పని. ఆ టేపు మూడు గంటల తర్వాత వేసి ఉంటే వాడు కుంటుతూ తిరిగొచ్చేవాడు, వాడితో పాటు గుంపంతా చీకట్లో నడిచేది. ‘చిన్నగా ఉన్నప్పుడే చెప్పు’ అనే అలవాటు పాదం దగ్గర కుదిరితే తర్వాత దాహానికీ చలికీ భయానికీ కూడా అదే పనికొస్తుంది.

బ్యాగు బరువు పిల్లల ఒంటి బరువులో ఐదో వంతు దాటనివ్వకండి, మొదటి నడకల్లో అందులో సగం చాలు. కొత్త బూట్లతో ఎవర్నీ రానివ్వకండి.

మ్యాపు. జీపీఎస్ ఉన్న ఫోను మీ దగ్గర ఉండాలి, కానీ పిల్లల చేతికి కాగితం మ్యాపు ఇవ్వండి. చాలామంది టీచర్లు దిక్సూచితో మొదలుపెడతారు. నేను కాంటూరు రేఖలతో, అంటే ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ మ్యాపు మీద గీసిన గీతలతో మొదలుపెడతాను, ఎందుకంటే అవి అర్థమైన పిల్లాడికి కొండ కాగితం మీద లేచి నిలబడుతుంది. దానికి ఏ సామానూ అక్కర్లేదు. పిల్లలతో పిడికిలి బిగింపజేయండి. పెన్నుతో ఒక్కో కణుపు చుట్టూ చిన్న వలయం గీయమనండి. దాని కింద ఇంకొంచెం పెద్దది, దాని కింద మరొకటి, అన్నీ ఒకే ఎత్తు తేడాతో. తర్వాత కణుపుల మధ్య పల్లాలను చుట్టుకుంటూ పొడవాటి గీతలు. ఇప్పుడు పిడికిలి విప్పి చెయ్యి చాపమనండి. కొండ చదునైపోయి మ్యాపు అవుతుంది. మళ్లీ బిగిస్తే మ్యాపు కొండ అవుతుంది. గీతలు దగ్గర దగ్గరగా ఉన్నచోట చర్మం నిటారుగా లేస్తుందని వాళ్లే కనిపెడతారు. ఒక అమ్మాయి తన చేతిని ఐదారు సార్లు మూసి తెరిచి, ఎదురుగా ఉన్న కొండ వైపు చూసి, ‘మనం ఇటు కాదు, ఆ పల్లంలోంచి ఎక్కితే తేలిక’ అంది. నిజమే, అసలు దారి కూడా అటే ఉంది. ఆ గీతలు ఆ అమ్మాయి చేతి మీద సాయంత్రం దాకా చెరిగిపోలేదు.

స్కేలు కూడా అప్పుడే చెప్పండి. 1:50,000 మ్యాపులో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. దూరం తెలిస్తే సమయం లెక్కగట్టొచ్చు. దీనికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. నడకకు గంటకు ఐదు కిలోమీటర్లు, దానిమీద ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకు ఇంకో గంట. అయితే అది దారుఢ్యం ఉన్న పెద్దవాళ్ల లెక్క, అందులో ఆగడాలు లేవు. పిల్లల గుంపుకు నేను గంటకు మూడు కిలోమీటర్లే వేసుకుంటాను. ప్రతి మజిలీకీ బయల్దేరేముందు పిల్లలతోనే ‘ఎన్నింటికి చేరతాం’ అని రాయించండి. చేరాక అసలు సమయం పక్కన రాయించండి. మొదటి నడకలో అంచనాలు ఘోరంగా తప్పుతాయి. నాలుగో నడకకు పది నిమిషాల తేడాలోకి వస్తాయి. మీ స్కూలుకు ‘పిల్లలు ఏం నేర్చుకున్నారు’ అని చూపించడానికి కూడా అంతకంటే మంచి కాగితం దొరకదు.

దిక్సూచి రెండో నడకలో పెట్టుకోండి. ముల్లు చూపే ఉత్తరానికీ మ్యాపు మీది ఉత్తరానికీ ఉండే తేడా చోటును బట్టి మారుతుంది. మీరు వెళ్లే ప్రాంతంలో అదెంతో మ్యాపు అంచున చూసుకోండి.

చలి, ఎండ, నీళ్ల గురించి క్లుప్తంగా. కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఒంటి వేడిని లాగేస్తాయి. చలిచోటికైతే ఉన్నిగానీ సింథటిక్‌గానీ ఉండాలి, ఒక పొడి జత ప్లాస్టిక్ కవర్లో విడిగా ఉండాలి. ఒంటి వేడి పడిపోతున్నవాడు తనకు చలేస్తోందని చెప్పకపోవచ్చు. తడబడుతూ నడవడం, మాట ముద్దగా రావడం, జిప్పు పెట్టుకోలేకపోవడం, ఊరికే చిరాకుపడటం, ఈ నాలుగూ చూడండి. రాత్రిపూట వేడిని లాగేసేది గాలికంటే నేల, కాబట్టి పైన దుప్పటి ఎంత మందంగా ఉన్నా కింద మ్యాట్ లేకపోతే నిద్రపట్టదు. ఎండలో తేడాగా మాట్లాడుతున్నా, అయోమయంగా ఉన్నా వడదెబ్బే అనుకోండి. ముందు అక్కడికక్కడే ఒళ్లు తడిపి, విసిరి చల్లబరచాలి, తర్వాతే మోసుకెళ్లడం. నీళ్లు తక్కువ తాగడం ఎంత ప్రమాదమో, ఉప్పు తగిలే తిండి లేకుండా లీటర్లకు లీటర్లు తాగించడమూ అంతే ప్రమాదం. వాగు నీళ్లు తాగాల్సి వస్తే గలగలా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచాలి, రెండు వేల మీటర్ల ఎత్తు దాటితే మూడు నిమిషాలు.

గుంపు. ఇరవై నాలుగు మందిని ఒకే వరసలో నడిపించకండి. ఆరుగురి చొప్పున నాలుగు జట్లు చేసి, ప్రతి జట్టుకూ ఒక పెద్దవాళ్లను ఇవ్వండి. 1907లో బ్రౌన్‌సీ ద్వీపంలో బేడెన్ పావెల్ పెట్టిన మొదటి స్కౌటు క్యాంపులో ఉన్నది ఇరవై మందికి అటూఇటుగా అబ్బాయిలే, వాళ్లనూ నాలుగు దళాలుగా విడదీసి ఒక్కో దళానికి ఒక అబ్బాయినే నాయకుడిగా పెట్టాడు. చిన్న జట్టులో దాక్కోవడానికి చోటుండదు. అందరికీ పని తగులుతుంది. మ్యాపు ఒకరు, టైము ఒకరు, ముందు ఒకరు, అందరికంటే వెనక ఒకరు. గంటకోసారి మార్చండి.

ఒక విషయం ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. ముందు నడిచేవాళ్లు ఆగి, కూర్చుని, సేద తీరుతారు. నెమ్మదిగా నడిచే పిల్ల ఆయాసపడుతూ అక్కడికి చేరగానే ‘అందరూ వచ్చేశారు, పదండి’ అని లేస్తారు. అంటే ఎక్కువ విశ్రాంతి కావాల్సిన పిల్లకు ఒక్క నిమిషం కూడా దక్కదు. మధ్యాహ్నానికి ఆ పిల్ల ఏడుస్తుంది, ‘దీనివల్ల కాదు’ అని మిగతావాళ్లు తేల్చేస్తారు. నా గుంపుల్లో విశ్రాంతి సమయం ఆఖరి మనిషి కూర్చున్నప్పుడు మొదలవుతుంది. ఆ ఒక్క నియమంతో ‘నడవలేని’ పిల్లలు చాలామంది నడిచారు.

ఇంకో నియమం: ఆగుదాం అని ఎవరైనా అనొచ్చు, అంటే అందరూ ఆగాలి. ఒకసారి మా జట్టు తప్పుడు గట్టు మీద నలభై నిమిషాలు నడిచింది. వెనక్కి వచ్చాక, వరసలో నాలుగోవాడు మెల్లగా అన్నాడు, ‘సార్, నాకు మొదట్లోనే డౌట్ వచ్చింది.’ ఎందుకు చెప్పలేదురా అంటే, మ్యాపు పట్టుకున్నది క్లాసు ఫస్టు, వాడికి తెలీదా అనుకున్నాడట. ఆ రోజు నుంచి ప్రతి మలుపులోనూ మ్యాపు పట్టుకున్నవాళ్లు కాకుండా వేరే ఇద్దరు కూడా ‘మనం ఇక్కడున్నాం’ అని వేలుపెట్టి చూపించాకే కదులుతాం.

ఇక అన్నిటికంటే నాకు ముఖ్యమైనది, వెనక్కి తిరగడం. ఈ పని మొదలుపెట్టిన నాలుగో ఏట పదకొండు మందిని ఒక శిఖరం మీదికి తీసుకెళ్లాను. మధ్యాహ్నం ఒంటిగంటకు పైన ఉండాలి. రెండయింది, ఇంకా గంట దూరం ఉంది. పడమర మబ్బు నల్లబడుతోంది. పిల్లలు ‘దగ్గరికొచ్చేశాం కదా’ అన్నారు. వాళ్ల మొహాలు చూసి సరే అన్నాను. పైకి చేరాం, ఫొటోలు దిగాం. దిగేటప్పుడు ఉరుము, వాన, జారుడు రాళ్లు. ఒక అమ్మాయి మణికట్టు విరిగింది. కిందికి చేరేసరికి రాత్రి తొమ్మిది. ఆ అమ్మాయి ఎముక అతుక్కుంది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ ఆ రోజు రెండింటికి ఆ కొండవాలు మీద నిర్ణయం తీసుకోవాల్సింది నేను, తీసుకున్నది పిల్లల ఉత్సాహం. ఆ తప్పు నాదే.

అప్పటి నుంచి వెనుదిరిగే సమయాన్ని కొండ కిందే, బ్యాగులు భుజానికి ఎత్తుకోకముందే నిర్ణయిస్తాం. పిల్లలే నిర్ణయిస్తారు, అందరూ చేతి మీద పెన్నుతో రాసుకుంటారు. ఆ టైము అయితే శిఖరం వంద అడుగుల్లో ఉన్నా తిరగాల్సిందే. వెనక్కి తిరిగిన రోజు నేను తప్పకుండా చేసే పని ఒకటుంది. అక్కడే కూర్చోబెట్టి, టైము ముందుగా గమనించి చెప్పినవాళ్లను అందరి ముందూ పేరుపెట్టి మెచ్చుకుంటాను. తోటివాళ్లు చూస్తుంటే ధైర్యం చూపించాలనుకునే వయసు ఇది. ‘తిరుగుదాం’ అనడం కూడా ధైర్యమేనని వాళ్లకు గుంపులోనే తెలియాలి.

మీకు ఇది అతి జాగ్రత్తలా అనిపిస్తే ఒక సంగతి చెప్తాను. 1993 మార్చిలో ఇంగ్లండ్‌లోని లైమ్ బేలో స్కూలు పిల్లల గుంపు ఒకటి కయాకుల్లో సముద్రం మీదికి వెళ్లింది. గాలి వాళ్లను ఒడ్డుకు దూరంగా నెట్టేసింది, సాయం ఆలస్యంగా అందింది, నలుగురు టీనేజర్లు చనిపోయారు. ఆ తర్వాతే అక్కడ 1995లో పిల్లల సాహస కేంద్రాలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. మీరు ఏదైనా సంస్థకు ఈ పని అప్పగించే ఆలోచనలో ఉంటే, ఏమేం ఆటలున్నాయని అడిగేముందు ‘పోయిన ఏడాది మీరు ఎన్నిసార్లు మధ్యలోనే వెనక్కి తిరిగారు, ఎందుకు?’ అని అడగండి. ఒక్కసారీ తిరగలేదనే చోటికి పిల్లల్ని పంపకండి.

తప్పిపోతే ఏం చెయ్యాలో ప్రతి నడకలోనూ ఒకసారి ఆడించండి. పాఠం చాలా చిన్నది: ఆగు, ఆలోచించు, చుట్టూ చూడు, అప్పుడు నిర్ణయించు. ఒంటరిగా ఉంటే నిర్ణయం ఎప్పుడూ ఒకటే, అక్కడే ఉండు. 1981లో కాలిఫోర్నియా కొండల్లో ఒక తొమ్మిదేళ్ల పిల్లాడు తప్పిపోయి చనిపోయాక, తప్పిపోయిన పిల్లలు ఒక చెట్టును పట్టుకుని అక్కడే ఉండాలని నేర్పే కార్యక్రమం మొదలైంది. పెద్ద పిల్లలకూ అదే వర్తిస్తుంది, వాళ్లు ఇంకా వేగంగా ఇంకా దూరం వెళ్లిపోతారు కాబట్టి మరీ వర్తిస్తుంది. ప్రతి ఒక్కరి మెడలో విజిల్ ఉండాలి, బ్యాగులో కాదు. మూడుసార్లు ఊది ఆగడం చాలాచోట్ల ప్రమాద సంకేతం. బ్రిటన్‌లో, ఆల్ప్స్ పర్వతాల్లో నిమిషానికి ఆరుసార్లు.

ప్రథమ చికిత్స పిల్లలకు నేర్పడం తర్వాత సంగతి, ముందు మీరు నేర్చుకోండి. ఆసుపత్రికి దూరంగా ఉన్నప్పటి చికిత్సకు విడిగా కోర్సులుంటాయి, ప్రాథమిక స్థాయి సాధారణంగా పదహారు గంటలు, అంటే రెండు రోజులు. అది చెయ్యకుండా రాత్రి బసకు వెళ్లొద్దు. పాము కరిస్తే కొయ్యడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం ఏదీ చెయ్యకూడదు. కరిచినవాళ్లను కదలనివ్వకుండా, ఉంగరాలూ గాజులూ తీసేసి, వీలైనంత త్వరగా ఆసుపత్రికి మోసుకెళ్లాలి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకంటే తక్కువ ఉంటే పిడుగు మీ దాకా రాగలదు. ఎత్తు ప్రదేశం, ఒంటరి చెట్టు వదిలి దిగండి. సురక్షితమైన చోటికి చేరాక, ఆఖరి ఉరుము వినిపించిన 30 నిమిషాల దాకా అక్కణ్నుంచి కదలొద్దు.

నిప్పు, గూడు ఎప్పుడంటారా? ఒక రాత్రి బస చేసేటప్పుడు. గూడుకు కొమ్మలు నరకనివ్వకండి, ఒక టార్పాలిన్, నాలుగు తాళ్లు, రెండు ముడులు చాలు. గాలి ఎటునుంచి వస్తోంది, వాన పడితే నీళ్లు ఎటు పారతాయి, పైన ఎండిన కొమ్మ వేలాడుతోందా, ఈ మూడూ చూసి చోటు ఎంచుకోవడంలోనే అసలు చదువుంది. అక్కడ మంటకు అనుమతి ఉంటే, ఒక్క అగ్గిపుల్లతో తడి రోజున మంట వేయమనండి. పుల్లల్ని సన్నం, మధ్యస్థం, లావు అని వేరుచేసి పెట్టుకున్న జట్టే గెలుస్తుంది. కర్రలు రాపాడించడం ఆ తర్వాత సరదాగా చూపించొచ్చు, పిల్లలకు చాలా ఇష్టం కూడా. మరుగుదొడ్డి సంగతి మొహమాటపడకుండా ముందే చెప్పండి: నీళ్లకూ దారికీ 60 మీటర్ల దూరం, 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు గుంత, మళ్లీ మట్టితో పూడ్చడం. ఆడపిల్లలు దీని గురించి అడగలేక నీళ్లు తాగడం మానేస్తారు. నెలసరి అవసరాలకు ఒక సంచీ సిద్ధంగా ఉందని, ఎవరి దగ్గరుందో ముందురోజే చెప్పండి.

ప్రతి నడకలోనూ ఒక అరగంట మాత్రం ఏ నైపుణ్యమూ వద్దు. ఒకరికొకరు కనిపించనంత, కానీ మీకు అందరూ కనిపించేంత దూరంలో ఒక్కొక్కర్నీ కూర్చోబెట్టండి. ఫోను లేదు, మాటల్లేవు. మొదటి పది నిమిషాలు కదులుతూనే ఉంటారు. తర్వాత ఒక నెమ్మది వస్తుంది. పోయినసారి ఒకమ్మాయి నోట్‌బుక్‌లో ‘చీమ తనకంటే పెద్ద రెక్కను మోస్తోంది, గాలి వచ్చినప్పుడల్లా ఆగుతోంది, వదలట్లేదు’ అని మాత్రం రాసింది. నేను ఆ చీమను చూడలేదు, అక్కడే తిరుగుతున్నా.

తల్లిదండ్రుల విషయానికొస్తే, వాళ్లకు ఒకే ఒక్క కాగితం ఇవ్వండి. ఎక్కడికి, ఏ దారిన, ఎన్నింటికి తిరిగొస్తాం, దగ్గర్లోని ఆసుపత్రి ఏది, ఫోను సిగ్నలు ఎక్కడ దొరుకుతుంది, ఏం జరిగితే మధ్యలోనే వెనక్కి వస్తాం. ఆ చివరి వాక్యం చూశాకే వాళ్ల టెన్షన్ సగం తగ్గుతుంది. పిల్లలకున్న ఆస్తమా, అలర్జీలు, మందులు అదే కాగితం వెనక రాయించుకోండి. మొదటి నడకకు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల్ని కూడా రమ్మనండి, జట్టుకొక పెద్దవాళ్లు కావాలన్న లెక్కా తీరుతుంది.

పిల్లలకంటే ముందు మీరొక్కరే ఆ దారిలో ఒకసారి నడిచి రండి. మొదటి నడక ఆరు కిలోమీటర్లు దాటనివ్వకండి. పిల్లలు రాసిన సమయాల కాగితాన్ని ఫొటో తీసి ఇక్కడ పెడితే, రెండోసారికి ఏం మార్చాలో చూసి చెప్తాను.